ఇత్తడి బూరకు పౌడరెందుకు?

సైన్సు ప్రదర్శనకు వాయిద్యాల మీద గోడపత్రిక తయారుచేస్తూ, మా తొమ్మిదో తరగతి పిల్లలు బ్యాండుమేళం ఆయనను అడిగి ఒక ట్రంపెట్ తెచ్చారు. సెల్‌ఫోనుతో ఇరవై ఫోటోలు తీశారు. ఒక్కటీ కుదరలేదు. ఒకదానిలో ఫ్లాష్ పడి తెల్లటి మచ్చ. ఇంకొకదానిలో ఫోను పట్టుకున్న కుర్రవాడి ముఖమే సొరకాయలా సాగి కనిపిస్తోంది! చివరికి ఒకడు ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా పట్టుకొచ్చాడు. "కాస్త అద్దితే మెరుపు పోతుంది గదా, మాస్టారూ!"

నేను ఒప్పుకోలేదు. ఈ చిట్కాను పెద్దవాళ్ళూ పాటిస్తుంటారు కనుక, ఎందుకు ఒప్పుకోలేదో మీకూ చెబుతాను.

ట్రంపెట్‌కు మూడు పిస్టన్ కవాటాలుంటాయి. అవి తమ గొట్టాలలో వెంట్రుకవాసి సందుతో పైకీ కిందికీ ఆడతాయి. వాటికి పట్టించిన నూనెలో పౌడరు కలిస్తే జిగురుముద్దే. పెళ్ళిళ్ళ రోజుల్లో అవి బిగుసుకుపోతే ఆ మనిషి ఏం వాయిస్తాడు, ఏం తింటాడు? మనకది గోడపత్రికలో ఒక బొమ్మ. ఆయనకు కూడు.

పోనీ, కవాటాలకు గుడ్డ చుట్టి అద్దుదామన్నా నేను వద్దనే అంటాను. మెరుపు పోయాక ఫోటోలో పడేది పౌడరే గాని ఇత్తడి కాదు. సుద్దముక్క తన మీద పడిన కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. నున్నటి లోహం అలా కాదు. పతన కోణం ఎంతో పరావర్తన కోణమూ అంతే. అంటే మీరు ఫోటో తీసేది ఇత్తడిలో కనిపించే గదిని! గొట్టం గుండ్రంగా ఉంటుంది కనుక గదినంతా సన్నని చారలుగా కుదించి చూపుతుంది. కాబట్టి మార్చవలసింది బూరను కాదు, గదిని.

ఫ్లాష్ ఆపండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేయండి. కిటికీకీ బూరకూ మధ్య ఉతికిన తెల్ల పంచె వేలాడదీయండి. ఎదుటి వైపు డ్రాయింగు కాగితం నిలబెట్టి, దానికి చేసిన రంధ్రం గుండా ఫోటో తీయండి. అప్పుడు బూరలో మీ ముఖానికి బదులు తెల్లదనం కనిపిస్తుంది. అంతా తెల్లబడితే గుండ్రదనం తెలియదు. అందుకని రెండు పక్కలా నల్ల అట్టముక్కలు పెట్టండి. అంచుల వెంట నల్ల గీతలు పడి ఆకారం తేలుతుంది. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. ఎరుపు, పసుపు కాంతులను బాగా తిప్పికొడుతుంది, నీలాన్ని అంతగా తిప్పికొట్టదు. అందుకే తెల్ల పంచె కూడా దానిలో బంగారు రంగులో కనిపిస్తుంది. ఆ రంగును పౌడరుతో కప్పేస్తారా?

కెమెరాకు ధ్రువణ ఫిల్టరు కొంటే చాలు గదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. గాజు నుంచి పరావర్తనమైన కాంతి ధ్రువితమవుతుందని 1808లో పారిస్‌లో మాలస్ కనుగొన్నాడు. అందుకే గాజు మీద, నీటి మీద ఆ ఫిల్టరు బాగా పనిచేస్తుంది. లోహం మీద దాని ప్రభావం స్వల్పం. దాని ఖరీదు కన్నా మీ తాతగారి పంచె నయం.

మా పిల్లలు పంచె కట్టారు. నాలుగో ఫోటో కుదిరింది. బూర తీసుకువెళ్ళడానికి వచ్చిన ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సొట్ట పదేళ్ళ కిందటిది, మాస్టారూ! ఇదీ పడిందే!" అన్నాడు. నల్ల గీత సరిగ్గా అక్కడే వంకర తిరిగింది మరి.