దున్నని ప్లాట్లలో పొంచి ఉన్న నిప్పు

హిమాయత్‌నగర్: మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతంలో ఒకప్పుడు జొన్న, కూరగాయలు పండిన నేలలు ఎన్నో ప్లాట్లు, ఫాంహౌసులుగా మారాయి. జంట జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాలకు 111 జీవో వచ్చినా ఈ మార్పు ఆగలేదు. ఆ ప్లాట్లను దున్నేవారు లేరు. కంచె ఉన్నందున పశువులూ మేయవు. అమెరికా ఖండం నుంచి వచ్చిన వయ్యారిభామ అక్కడ ఏపుగా పెరిగి, వేసవికి గడ్డితోపాటు ఎండి ఇళ్ల ప్రహరీల దాకా నిలుస్తోంది. అంటుకోవడానికి ఒక్క బీడీ ముక్క చాలు. అప్పుడు నష్టం పట్నంలోని యజమానికి కాదు, పక్క చేను రైతు గడ్డివాముకు, కాపలాదారు గుడిసెకు.

హవాయి దీవుల్లోని లహైనా పట్టణం ఇందుకు హెచ్చరిక. అక్కడ చెరుకు సాగు మానిన పొలాల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన గినీ గడ్డి వంటివి పెరిగి ఎండాయి. 2023 ఆగస్టు 8న తెగిన కరెంటు తీగల నిప్పు ఈదురుగాలికి ఊరిమీద పడింది. సుమారు 100 మంది మరణించారు.

ఇక్కడ నివారణ కష్టం కాదు. వయ్యారిభామను పూతకు ముందే పీకించాలి. శివరాత్రిలోగా గడ్డి కోయించి, ప్రహరీల వెంట నాలుగు గజాల మేర దున్నించాలి. కోసినదాన్ని అక్కడే తగలబెట్టరాదు. పట్టించుకోని యజమానులకు పురపాలక, పంచాయతీ అధికారులు ఎండలు ముదరకముందే నోటీసులివ్వడం అవసరం.