కొత్త అంకె అభ్యుదయమా?

ప్లే స్టోర్‌లో యాప్ నిలవాలంటే ఏటేటా దాన్ని కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్టు మార్చి తీరాలన్న నిబంధనను మన మిత్రులు కొందరు అభివృద్ధి పేరిట ఆహ్వానిస్తున్నారు. పాతది పోతుంది, కొత్తది వస్తుంది, ఇందులో విచారించవలసినదేముంది అంటున్నారు. ప్రతిదాన్నీ ప్రశ్నించమని విద్యార్థులకు బోధించేవాళ్ళే ఈ మాట అనడం నాకు ఆశ్చర్యం కలిగిస్తున్నది. ఏది పాత? ఎవరికి పాత? పాతదని తీర్పు చెప్పేదెవరు? ఇవి అడగకుండా కొత్తదానికి జేజేలు కొట్టడం అంగడివాడి పని, అభ్యుదయవాది పని కాదు.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ తాను ఏ మెట్టు పద్ధతులకు కట్టుబడి నడుస్తుందో ఒక అంకెలో చెప్పుకుంటుంది. దీన్ని టార్గెట్ ఎపిఐ అంటారు. ఆ అంకెకు ఒక కనీస హద్దు పెడతామని గూగుల్ 2017 డిసెంబరులో ప్రకటించి, 2018 ఆగస్టు నుండి కొత్త యాప్‌లకు 26 తప్పనిసరి చేసింది. అప్పటినుండి ఆ హద్దు పైకి జరుగుతూనే వుంది. 2025 ఆగస్టు 31 నుండి కొత్త యాప్‌కైనా, పాతదానికి చేసే మార్పుకైనా 35 వుండాలన్నారు. ఏమీ మార్చకుండా వూరుకున్న యాప్‌కు 34 అయినా వుండాలి. లేదా, దాని అంకెకన్న కొత్త ఆండ్రాయిడ్ ఫోనుతో కొత్తగా వచ్చినవాడికి అది దుకాణంలో కనపడదు. అర్జీ పెట్టుకున్నవారికి నవంబరు 1 దాకా గడువిచ్చారు.

దీనికి చెప్పే సమర్థన రక్షణ. ఈ వాదంలో బలముంది, దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా, యాప్‌ను ఎక్కించుకునేటప్పుడే అది అడిగిన అనుమతులన్నీ ఒక్కమొత్తంగా యివ్వవలసి వచ్చేది. ఎపిఐ 23తో, కెమెరా అవసరమైనప్పుడు కెమెరాకు, ఫోను నంబర్లు అవసరమైనప్పుడు వాటికి, విడివిడిగా అడగడం మొదలైంది. దొంగ యాప్‌లు రాసేవాళ్ళు కావాలనే 22 దగ్గర ఆగిపోయి పాత పద్ధతిని వాడుకున్నారు. కనుక ఒక హద్దు అవసరమే. కాని ఆ హద్దును ఫోనే అమలు చేస్తున్నది! ఆండ్రాయిడ్ 14 ఫోను 23కు తక్కువైన యాప్‌ను ఎక్కించుకోదు; 15 అయితే 24కు తక్కువైనదాన్ని ఎక్కించుకోదు. ఫోను 24 చాలునంటుంటే దుకాణం 35 తెమ్మంటున్నది. ఈ పదకొండు మెట్ల నడుమ వున్నదంతా రక్షణేనా?

కొంత వుంది. ఫోనులోని ఫైళ్ళన్నిటినీ ప్రతి యాపూ తిరగేయకుండా 29, 30 మెట్లలో కట్టడి చేశారు, మంచిదే. మరి 35 మాటేమిటి? ఆ అంకెకు మారిన యాప్ ఆండ్రాయిడ్ 15 ఫోనులో తెర అంచు నుండి అంచుదాకా పరుచుకోవాలి. పైన గడియారం కనపడే పట్టీ కిందికీ, అడుగున వెనక్కి వెళ్ళే మీటల కిందికీ పాకుతుంది. తగినట్టు సరిచేయకపోతే ‘జవాబు చూడు’ అనే బటన్ ఆ మీటల కింద చిక్కుకుంటుంది. దీన్ని తప్పించుకునే వెసులుబాటు 35లో యిచ్చారు, 36లో తీసేశారు. ఇది ఏ దొంగ నుండి ఎవరిని కాపాడుతుందో నాకు బోధపడలేదు. ఇది అలంకారం. అలంకారాన్నీ రక్షణనూ ఒకే అంకెలో మూటగట్టి, మూట మొత్తం మోయమనడమే నా ఫిర్యాదు.

మోసేదెవరు? బ్యాంకు యాప్‌కు జీతాలు తీసుకునే ఇంజనీర్లు వుంటారు. ఒక తెలుగు మాస్టారు సెలవుల్లో కూర్చుని, పద్యానికి గణాలు విడదీసి చూపే యాప్ రాశారనుకోండి. అది ఇంటర్నెట్ అడగదు, కెమెరా అడగదు, ప్రకటనలు చూపదు, పైసా పుచ్చుకోదు. ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ. అవి ఏ ఆగస్టులోనూ మారవు. అయినా మాస్టారు ఆండ్రాయిడ్ స్టూడియో కొత్తది దించుకోవాలి, దానితో గ్రేడిల్ మార్చాలి, గ్రేడిల్ మారితే పనిచేయని పాత లైబ్రరీలకు బదులు వెతకాలి. అంకె మార్చడం నిమిషం పని, దాని వెంట వచ్చే సంత ఆయన ఆదివారాలను తినేస్తుంది. ఆయన విసుగెత్తి వూరుకుంటే, చెడిపోని యాప్ కొత్తవాళ్ళకు మాయమవుతుంది. అట్ట మార్చలేదని ఏ గ్రంథాలయమూ పుస్తకాన్ని బీరువాలోంచి తీసెయ్యదు గదా!

యాపిల్ వ్యవహారం మరింత విచిత్రం. 2022 ఏప్రిల్‌లో, చాలాకాలంగా మార్చని యాప్‌లను తీసేస్తామని నోటీసులు పంపింది. విమర్శలు వచ్చాక గడువు 30 రోజుల నుండి 90కి పెంచి, వివరణ యిచ్చింది: మూడేళ్ళుగా మార్పు లేకపోవడంతోపాటు దించుకునేవాళ్ళు కూడా బొత్తిగా లేని యాప్‌లకే ఈ నోటీసులని. ఆ వివరణే అసలు సంగతి బయటపెట్టింది. పాతదనమే ప్రమాదమైతే, లక్షలమంది వాడే పాత యాప్ మరింత ప్రమాదం కావాలి. దానికి మినహాయింపు, పదిమంది వాడేదానికి వేటు! అక్కడ వుండటానికి ఏటా 99 డాలర్లు కట్టాలి; యాప్ కట్టే ఎక్స్‌కోడ్ మాక్ మీద తప్ప నడవదు; 2025 ఏప్రిల్ నుండి ఎక్స్‌కోడ్ 16 తప్పనిసరి చేశారు, అది పాత మాక్‌ల మీద ఎక్కదు. యాప్ ఉచితం, దాన్ని ఉచితంగా నిలబెట్టే హక్కు మాత్రం ఉచితం కాదు.

ఈ దుకాణాలనే వదిలేద్దాం అనే మిత్రులూ వున్నారు. 2010 నుండి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్‌ను చూపిస్తారు. దాన్ని నేను వాడతాను, వాడమంటాను. కాని మన విద్యార్థి చేతిలోని ఫోను ప్లే స్టోర్‌తోనే వస్తున్నది. దాన్ని వదిలేయడమంటే ఆ విద్యార్థిని వదిలేయడమే.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఏ అనుమతీ అడగని, నెట్‌తో పనిలేని యాప్‌ను ఫోను ఒప్పుకునే అంకె దగ్గరే వుండనివ్వాలి. కావాలంటే ‘పాత పద్ధతిది’ అని పక్కన చీటీ అంటించుకోనీ. రక్షణ మార్పులకు వేరే గడువు, అలంకారానికి వేరే గడువు పెట్టాలి. మన వైపునా చేయవలసిన పని వుంది. కాలేజీలు ప్రాజెక్టు పేరిట యాప్‌లు రాయించి, మార్కులు వేసి మరచిపోతున్నాయి. ఆ సోర్స్ కోడ్‌ను కాలేజీ పేర బహిరంగంగా వుంచితే, మాస్టారు విసుగెత్తిన ఏడు మరో విద్యార్థి ఆ అంకె మార్చగలడు.