సంతకం అమ్మది, నిర్ణయం నాది

ఆస్పత్రి వరండాలో డాక్టరును పక్కకు పిలిచి మనవాళ్లు మొదట చెప్పే మాట ఒకటుంది: "ఆమెకు మాత్రం చెప్పొద్దండి." 2011లో నేనూ చెప్పాను. తెలివైన కొడుకునని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు గురించే ఈ నాలుగు మాటలు.

మాది హోసూరు పక్క పల్లె. అమ్మకు అన్నం దిగక చిక్కిపోతూంటే బెంగుళూరులో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయినాక డాక్టరు నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. కడుపులో కేన్సరు, జీర్ణాశయం చాలా భాగం తీసెయ్యాలి, తీసినా ఎన్నాళ్లో చెప్పలేను అన్నాడు. అమ్మ మా మధ్య స్టూలు మీద కూర్చుని ఆయన నోటికేసి ఒకసారి, నా నోటికేసి ఒకసారి చూస్తూ ఉంది.

"ఏమంటాడు నాయినా?"

"కడుపులో పుండుందంటమా. తీసేస్తే సరిపోతుందంట."

ఆయన పది నిముషాలు చెప్పింది నా నోట్లో రెండు ముక్కలయింది.

మరునాడు కాగితం తెచ్చారు. పైన ఇంగ్లీషు, కింద కన్నడం. అమ్మ ఐదో తరగతి దాకా తెలుగులో చదివింది. కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరివే గనుక వేలు పెట్టి కూడబలుక్కుంటూ పోయి ఒక మాట దగ్గర ఆగింది. "శస్త్రచికిత్స అని ఉన్నట్టుందే, అంటే కోసేదే కదా? ఎంత కోస్తారు?" అంది. "కొంచెమేలేమా, సంతకం పెట్టు" అన్నాను. తన పేరు తెలుగులో గుండ్రంగా రాసింది. దాన్ని అంగీకార పత్రం అంటారు. ఆమె అంగీకరించింది దేనికి? నా అబద్ధానికి.

భాష కుదరక అలా జరిగిందని సర్దుకుందామంటే వీల్లేదు. ఆ వార్డులో నర్సుది ములబాగలు పక్క, ఇంట్లో తెలుగే. ఆయాలిద్దరూ తెలుగువాళ్లే. వాళ్లలో ఒకరిని పిలిచి అమ్మతో ఐదు నిముషాలు మాట్లాడించాలని ఎవరికీ తోచలేదు. చదువుకున్న కొడుకు పక్కనే ఉన్నాడు కదా!

మన వైద్యులకు ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆపరేషనుకు ముందు ఎవరి అంగీకారం రాతలో తీసుకోవాలో భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతుంది. అందులో ముందు భర్త లేక భార్య, తరువాత మైనరయితే తల్లిదండ్రులో సంరక్షకులో, చిట్టచివర రోగి. కోత పడేది ఎవరి ఒంటిమీదో వాళ్లు వరసలో చివర!

సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఇది చెల్లదంది. 1995లో ఢిల్లీలో ఆమెకు పరీక్ష కోసం మత్తిచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని ఒప్పించి గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. తెలివి ఉన్న పెద్దమనిషి బదులు కన్నతల్లి ఒప్పుకున్నా అది ఒప్పుదల కాదనీ, ఏం చేస్తారో తగినంత తెలిసి ఇచ్చిందే ఒప్పుదలనీ కోర్టు చెప్పింది. కన్నతల్లికే లేని హక్కు, తీర్పు వచ్చిన మూడేళ్లకు, కొడుకునైన నాకెక్కడిది?

తెలుగు ఉన్నచోట ఇలా జరగదనుకుంటే అదీ పొరపాటే. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సరు రాకుండా వేసే టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వాళ్లలో గిరిజన బాలికలు, హాస్టలు పిల్లలు ఎందరో. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 హాస్టలు వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు. అడగవలసినవాళ్లకు బదులు ఎవరో ఒక పెద్ద దొరికితే చాలు. అక్కడ వార్డెను, ఇక్కడ నేను.

"చెబితే బెంగతోనే పోయేది" అంటారు బంధువులు. కావచ్చు. తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, వాళ్లను బలవంతపెట్టి వినిపించమని నేననను. కానీ ఆ ఇష్టం లేదన్న మాట వాళ్లే అనాలి. "డాక్టరు చెప్పేది నీకు చెప్పమంటావా, నన్నే విని చూసుకోమంటావా?" అని అమ్మను నేను అడగలేదు. దీనికి చట్టమూ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

ఆపరేషను తరువాత ఏడు నెలలు బతికింది. కుప్పం దగ్గర పుట్టినూళ్లో తమ్ముడితో గట్టు తగాదా వచ్చి పద్నాలుగేళ్లుగా మాటల్లేవు. "బాగయినాక పోయి వానితో మాట్లాడి వస్తా" అనేది నెలనెలా. ఒక పూట ప్రయాణం. నేను తల ఊపేవాణ్ణి. మామ దినాలకు వచ్చి, తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

ఇక మన సంఘాల మాట. బడుల కోసం, పంతుళ్ల పోస్టుల కోసం కొట్లాడాం, ఇంకా కొట్లాడాలి. ఉగాదికి కవి సమ్మేళనాలూ బాగానే చేస్తాం. ఆస్పత్రి కాగితం తెలుగులో కావాలని ఒక్క అర్జీ పెట్టామా? 2006 చట్టంతో తమిళనాట ఒకటో తరగతి నుంచీ తమిళం తప్పనిసరయింది. మా పల్లెల్లో అవ్వకు తమిళం చదవరాదు, మనుమరాలికి తెలుగు చదవరాదు. రేపు అవ్వ రోగం పేరు ఆమెకు తర్జుమా చేసి చెప్పవలసింది ఆ పదమూడేళ్ల పిల్ల. యానాంవాళ్లు కాకినాడకు పోతారు గనుక వాళ్లకీ తిప్పలు తక్కువ. హోసూరు, కృష్ణగిరి, బరంపురాల్లో మన సంగతేమిటి?

ఒక పేజీ చాలు. రోగం పేరు, ఏం కోస్తారు, ఏం నష్టం రావచ్చు, వద్దంటే ఏమవుతుంది. ఇవి తెలుగులో ఉండాలి, చదవలేనివాళ్లకు బంధువు కానివారెవరైనా చదివి వినిపించాలి. మా సంఘం వచ్చే వార్షిక సభలో ఈ తీర్మానం నేను పెడుతున్నాను. బలపరచడానికి ఒకరు కావాలి.