సూది వేసుకోమన్నది ఎవరు?

పెళ్లికి రెండు నెలలే ఉంది, పది కిలోలు తగ్గాలి, బరువు తగ్గించే ఆ సూది ఎక్కడ దొరుకుతుంది అని పిల్ల అడిగితే ఫోన్ నంబరు ఇచ్చింది మీరే కదా?

డాక్టరు చూశాడా అని అడిగారా?

పిత్తాశయంలో రాళ్లున్నాయేమో కనుక్కున్నారా? వాళ్లింట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అని ఆరా తీశారా? పిల్లల్ని కనాలనుకుంటే ఆ సూదుల్లో ఒకటైన సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలని చెప్పారా?

లేదు. బరువు ఎంత తగ్గావని మాత్రం రోజూ అడిగారు.

ఈ సూదుల్లో మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చింది. జూన్‌లో వెగోవీ వచ్చింది. డాక్టరు చూసుకుంటూ ఇస్తే షుగరుకూ ఊబకాయానికీ మేలు చేసే మందులే. చీటీ లేకుండా అమ్ముతుంటే చూస్తూ ఊరుకోమని మనకెవరు చెప్పారు?

వాంతులవుతుంటే మందు పనిచేస్తోందని సంబరపడటం, కడుపులోంచి వీపుకు పాకే నొప్పి క్లోమం వాపు కావచ్చని తట్టక గ్యాస్ బిళ్ల మింగించడం, కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంటే నాజూకైందని మురిసిపోవడం, ఆపరేషన్‌కు వెళ్తూ మత్తు డాక్టరుకు సూది సంగతి దాచడం, జుట్టు రాలుతోందని బయోటిన్ మొదలెట్టడం, అది గుండె, థైరాయిడ్ రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించినా ల్యాబులో నోరు విప్పకపోవడం, వారానికొకటి చొప్పున కొన్ని వారాలే వాడాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్‌ను రోజూ మింగి, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి తెచ్చుకోవడం, బి6 అతిగా మింగి కాళ్లు తిమ్మిరెక్కితే ఇంకో విటమిన్ డబ్బా కొనడం, రంగు తేలాలని పార్లర్ కుర్చీలో గ్లూటాథయోన్ ఎక్కించుకోవడం, ఇవన్నీ మన కళ్లెదుటే జరుగుతున్నాయి.

విటమినే కదా అంటారా?

ఆ మాట కిడ్నీ డాక్టరు ముందు కూర్చుని అనండి.

సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని ఆ మందు మీద జరిగిన పరీక్షల్లోనే తేలింది. డబ్బు తీసుకున్నవాడు ఈ ముక్క చెప్పాడా? మీరు అడిగారా?

ఇంకెంతమంది ఆసుపత్రి పాలైతే అడుగుతారు?

మందు వికటిస్తే చెప్పుకోవడానికి దేశంలో ఉచిత ఫోన్ నంబరుంది. 1800-180-3024. ఎన్నిసార్లు చేశారు? వాంతులు ఆగకపోతే, కడుపునొప్పి తగ్గకపోతే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేసుకున్న సూది పేరు, మింగిన బిళ్లల పేర్లు డాక్టరుకు దాచకుండా చెప్పండి. తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఇవాళే చేయండి.