పెరట్లో గోదావరి

పెరట్లో గోంగూర మడి పక్కన బొమ్మరైలు పట్టాలు వేసుకున్న తెలుగిళ్ళు ఎన్నో ఉండవు. కానీ వేసుకున్న వాళ్ళకి రెండో ఏడు ఒకటే కోరిక పుడుతుంది: రైలు నీటి మీదుగా పోవాలి. ఇక్కడి వాళ్ళు జలపాతం కడతారు. మనకి వంతెన అంటే రాజమండ్రి వంతెనే కదా!

మా పిల్లలు ఆ పాత వంతెన ఎక్కలేదు, ఇక ఎక్కలేరు కూడా. 1900లో మొదలైన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్ళు ఆగిపోయాయి. అందుకే అందం కోసం కాక, కొలత ప్రకారం కట్టాలనుకున్నాం.

పాత వంతెనలో స్తంభానికీ స్తంభానికీ మధ్య 150 అడుగులు. అలాంటివి 56. తోటరైళ్ళలో పేరున్న ఎల్.జి.బి. 1968 నుంచి వస్తున్నది. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, కొలత ఇరవై రెండున్నరకి ఒకటి. ఆ లెక్కన మొత్తం వంతెనకి 373 అడుగులు కావాలి. మా పెరడు చాలదు, పక్కింటాయన పెరడు కలుపుకున్నా చాలదు. ఒక్క స్తంభాల జత మాత్రం 6 అడుగుల 8 అంగుళాల్లో ఇమిడిపోతుంది. మేము కట్టింది అదే: గోదావరిలో 56వ వంతు. (ఇంజనీరు మిత్రులు ఊరుకోరు. 45 మిల్లీమీటర్లు ఆ కొలతలో మీటరుగేజికి సరి, పాత గుంటూరు–గుంతకల్లు లైనులాగ. గోదావరి మీదిది బ్రాడ్‌గేజి. నిజమే, ఒప్పుకుంటున్నాం.)

ఇక నీరు. రైలుని చిన్నది చేయవచ్చు గాని నీటి బొట్టుని చేయలేం. రెండడుగుల జలపాతం పక్కన బొమ్మరైలు బొమ్మలాగే కనిపిస్తుంది. మనకి ఆ చిక్కు లేదు. రాజమండ్రి దగ్గర గోదావరి, దిగువన ధవళేశ్వరం ఆనకట్ట ఉండడం వల్ల, నిండుగా, నిదానంగా ఉంటుంది. చిన్న పంపుతో నీరు కదిలీ కదలనట్టు తిరిగితే చాలు.

తవ్వే ముందు 811కి ఫోను చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తుపెట్టి పోతారు. గుంట పదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు, అడుగు లోతు. రాళ్ళు, వేర్లు ఏరి, పాత కార్పెట్టు పరిచి, దానిపైన చెరువులకి వాడే రబ్బరు షీటు వేయాలి. షీటు కొలతకి పొడుగుకీ వెడల్పుకీ లోతుని రెండేసి సార్లు కలిపి, అంచులకి మరో రెండడుగులు కలపండి: 14 అడుగులు, 10 అడుగులు. సుమారు 450 గాలన్లు పడతాయి. స్తంభం దిమ్మెలు షీటు అంచు మీదే వస్తాయి గనక కింద నేలని బాగా దిమ్మిస కొట్టి, మధ్యలో మరో రబ్బరు ముక్క వేయాలి. గట్టు చుట్టూ రసమట్టం పెట్టి చూడండి. ఒక పక్క అంగుళం పల్లంగా ఉన్నా నీరు ఆ సంగతి ఊరంతటికీ చెప్తుంది. గర్డర్ల వెనక అల్యూమినియం యాంగిల్ దాచితే వంతెన వంగదు.

పంపుకి నీళ్ళ దగ్గర వాడే జి.ఎఫ్.సి.ఐ. ప్లగ్గే ఉండాలి. మిచిగన్ లాంటి చోట్ల అడుగు నీరు శీతాకాలంలో అడుగుదాకా గడ్డ కడుతుంది. ముందే పంపు తీసి లోపల పెట్టుకోవాలి. వసంతంలో దిమ్మెలు కదిలాయేమో చూసుకోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం కంచె లేకుండా ఈ పనికి దిగకండి. రెండంగుళాల నీరు కూడా ప్రాణం తీస్తుంది. కంచె నిబంధనలు ఊరూరికీ వేరు, సిటీ ఆఫీసులో అడగండి.

చేపల సంగతి మా ఇంట్లో పెద్ద తర్జనభర్జన అయింది. రైలు గోదావరి దాటుతుంటే నాణెం వేయకుండా ఉండే అమ్మమ్మ ఎక్కడుంది? ఇక్కడి పెన్నీలు 1982 నుంచి జింకు మీద రాగి పూత పూసినవి. రెండూ చేపలకి విషమే. ఆఖరికి చేపలు మానేశాం.