తాళం వేయనివారూ జవాబు చెప్పాలి



మా వార్డులలో మార్ఫిన్ వంటి మందులను తాళం వేసిన అల్మరాలో ఉంచుతాము. తాళంచెవి డ్యూటీలో ఉన్న సిస్టరు దగ్గరే ఉండాలి. వాడిన ప్రతి ఇంజక్షనునూ రిజిస్టరులో రాయాలి. ఒక్కటి లెక్క తగ్గినా, తీసింది ఎవరని మాత్రమే అడిగి ఊరుకోము. అల్మరా ఎందుకు తెరిచి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని కూడా అడుగుతాము. ప్రమాదకరమైన వస్తువును ఉంచుకున్నవారు దానికి కాపలా కూడా ఉండాలి.

ఇంటిలో తుపాకి ఉంచుకున్నవారికీ ఇదే వర్తించాలని మా అభిప్రాయం. మన సంఘములో అనేక కుటుంబాల పిల్లలు, మనుమలు అమెరికాలో ఉన్నారు. అక్కడ కాల్పులు జరిగాయని వినగానే ఇక్కడి తల్లులు ఫోను పట్టుకుంటారు. ఆ దేశంలో 1 నుండి 19 ఏళ్ల వయసువారి మరణాలకు 2020లో తుపాకి గాయాలే మొదటి కారణమయ్యాయి.

2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీహుక్ పాఠశాలలో 20 మంది చిన్నారులు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. కాల్చిన యువకుడూ ఆ రోజే చనిపోయాడు. తుపాకి అతని తల్లిది. ముందుగా ఆమెనే చంపాడు. కొడుకు చేతికి అందేలా తుపాకిని ఉంచడం ఆమె నిర్లక్ష్యమని కొన్ని కుటుంబాలు ఆమె ఆస్తిపై సివిల్ దావా వేశాయి. 2015లో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

డబ్బు ప్రాణాన్ని తిరిగి తేలేదు. కానీ పరిహారం కట్టాల్సి వస్తుందన్న భయం రేపటి తుపాకికి తాళం వేయిస్తుంది. మన దేశంలో వాహనాలకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మైనరుకు బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, 2019 సవరణ ప్రకారం సంరక్షకుడు లేదా యజమాని కూడా జవాబుదారీ. తుపాకి బండికన్నా తక్కువ ప్రమాదకరమా?

"దొంగిలించినవాడి తప్పుకు నేనెందుకు కట్టాలి?" అని యజమాని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తాళం వేసి, పోయిన వెంటనే పోలీసులకు చెప్పినవారిపై భారం వేయకూడదు. ఒరెగాన్ రాష్ట్రం 2021లో చేసిన చట్టం దాదాపు ఇలాగే ఉంది. తుపాకిని తాళంలో ఉంచాలి, పోతే 72 గంటల్లోగా తెలపాలి. అలా చేయనివారి తుపాకి వల్ల ఎవరైనా గాయపడితే నష్టానికి వారే బాధ్యులు. శిక్ష వేరు, పరిహారం వేరు. నేరం చేసినవాడిని జైలుకు పంపినంత మాత్రాన గాయపడినవారి ఆసుపత్రి బిల్లు తీరదు.

అమెరికాలోని మీ బిడ్డలతో ఈ వారం మాట్లాడేటప్పుడు ఒక మాట చెప్పండి. మనుమలను స్నేహితుల ఇంటికి ఆటలకు పంపేముందు, "మీ ఇంటిలో తుపాకి ఉందా? తాళం వేసి ఉందా?" అని అడగమనండి. అడగడానికి మొహమాటపడవద్దు. పిల్లలకు ఏ ఆహారం పడదో చెప్పినట్టే ఇదీ అడగవచ్చు.