బండికి మార్కులు వేసేదెవరు?

పోయిన నెల పుంగనూరులో సంఘం సమావేశం పెట్టుకున్నాం. టమోటా ధరలు, డ్రిప్ సబ్సిడీ బకాయిలు మాట్లాడాలని అనుకున్నాం. మాట్లాడాం కూడా. కానీ గంటన్నర సేపు జరిగిన అసలు వాదన మాత్రం బండ్ల మీద. మినిట్స్ పుస్తకంలో అది రాయలేదు. రాయాల్సినంత విషయం అందులో ఉందని మాకు తర్వాత తోచింది. అందుకే ఈ వ్యాసం.

కుప్పం నుంచి వచ్చిన ఒక సభ్యుడు పికప్ కొనాలని ఫైనాన్స్ వాళ్లతో మాట్లాడుకుని వచ్చాడు. పదెకరాల రైతేమీ కాదు. మూడెకరాల్లో కూరగాయలు పెడతాడు, మిగతా రోజుల్లో ఊరివాళ్ల సరుకు బాడుగకు తోలుకుంటే కంతు కట్టుకోవచ్చని లెక్క. బండి తొమ్మిది, పది లక్షలు. ఫోన్ తీసి చూపించాడు: "అన్నా, దీనికి నాలుగు పాయింట్ ఆరు స్టార్లు ఉండాయి. రెండు వేల మంది ఇచ్చినారు. తీసుకునేదా?"

అంతే. మదనపల్లె సభ్యుడొకరు అదే కంపెనీ బండి తనకుందని, మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజన్ విప్పలేదని లేచాడు. పక్కనే ఉన్న పుంగనూరు మనిషి, "యాభై వేలకే నా గేరుబాక్సు పోయిందే, దానికేమంటావప్పా?" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. ఇరవై ఏళ్లుగా ఎరుగుదుం.

ఇద్దరూ నిజమే చెబితే తేడా ఎక్కడొచ్చింది? ఒకరు పొలం నుంచి మండీకి, మండీ నుంచి ఇంటికి తోలుతారు, అంతా చదును దారి. ఇంకొకరు వారానికి మూడు రాత్రులు మొగిలి ఘాట్ దిగి చెన్నై పోతారు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. టన్నున్నర మోసే బండికి మనం వంద పెట్టెలు వేస్తాం. పెట్టెకు పాతిక కిలోలనుకున్నా రెండున్నర టన్నులు. ఆ బరువు మీద క్లచ్ ప్లేట్ కాలిపోతే కంపెనీని తిట్టడానికి మనకు నోరెక్కడిది? బాడుగ గిట్టదు గనకనే అంత వేస్తున్నాం, అది వేరే కథ, అది కూడా నిజమే.

ఇంకొకటి కూడా ఉంది. మూడు లక్షలు తిరిగిన బండి రోజూ మన కళ్ల ముందే ఉంటుంది. రెండేళ్లకే సతాయించిన బండిని మనవాళ్లు గుట్టుగా బెంగళూరు సెకండ్ హ్యాండ్ వాళ్లకు అమ్మేస్తారు. అక్కడి నుంచి వచ్చిన బండ్లను మనవాళ్లే మళ్లీ కొంటారనుకోండి. కాబట్టి రోడ్డు మీద కనిపించే బండ్లను చూసి కంపెనీకి మార్కులు వేస్తే, పాసైనవాళ్లనే లెక్కపెట్టి బడి గొప్పదన్నట్టు అవుతుంది.

సరే, మన అనుభవం ఒక్కొక్కరిది ఒక్కో తీరు, మరి రెండు వేల మంది ఇచ్చిన స్టార్లు నమ్మొచ్చు కదా అని కుప్పం తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మాకు జరిగిందే చెబుతాం. నాలుగేళ్ల కింద మా ఇంట్లో పికప్ తీసుకున్నాం. తాళాలిచ్చిన రోజు దండ వేశారు, స్వీట్ బాక్సు ఇచ్చారు, ఫోటో తీశారు. ఆ సంబరంలోనే సేల్స్ పిల్లోడు మా ఫోన్ తీసుకుని, "సార్, అయిదు స్టార్లు కొట్టండి, లేకపోతే నాకు ఇన్సెంటివ్ రాదు" అన్నాడు. కొట్టాం. బిడ్డ లాంటివాడు, కాదంటామా? అప్పటికి ఆ బండి షోరూమ్ గేటు కూడా దాటలేదు.

పద్నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి అదే బండి టమోటా లోడుతో మొగిలి ఘాట్‌లో నిలిచిపోయింది. ఏదో సెన్సర్. పాత బండ్లయితే పలమనేరు నుంచి మెకానిక్ వచ్చి తీగో, గొట్టమో కట్టి కదిలించేవాడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో కంప్యూటర్ పెట్టి చూస్తే గాని రోగం తెలియదు. బండిని లాగించుకుని పోయాం. పార్టు రావడానికి తొమ్మిది రోజులు. వేరే బండికి ఎత్తేలోపు కాయ నలిగిపోయింది, వచ్చిన డబ్బు కోత కూలికి, బాడుగకు సరిపోయింది. ఆ నెల కంతు మాత్రం ఆగలేదు. మేమిచ్చిన అయిదు స్టార్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మార్చాలని అప్పుడు తోచలేదు, ఎట్లా మార్చాలో ఇప్పటికీ తెలియదు.

ఆ రెండు వేల మందిలో మాలాంటి వాళ్లెందరో!

ఇలాంటి అభిప్రాయాల మీద కొంత అదుపు ఉండాలని కేంద్రం 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ చేత ఒక ప్రమాణం తెచ్చింది. ఐఎస్ 19000 అంటారు. డబ్బిచ్చి రాయించినవి ఉండకూడదు, రాసినవాడు నిజంగా ఉన్న మనిషేనని సరిచూడాలి అన్నది దాని సారం. మంచిదే. కానీ పాటించడం కంపెనీల ఇష్టమని స్వచ్ఛందం చేశారు. కంచె వేసి గేటు తెరిచి పెట్టినట్టుంది.

స్టార్లంటే ఇంకో గందరగోళం కూడా ఉంది. సమావేశంలో ఒక కుర్రాడు, "ఆ కారుకు అయిదు స్టార్లు, గవర్నమెంటే ఇచ్చింది, రిపేరే రాదు" అన్నాడు. అతను చెప్పింది భారత్ ఎన్‌క్యాప్ గురించి. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. కారును గోడ లాంటి దానికి గుద్దించి, లోపల పెద్దలకు, పిల్లలకు ఎంత రక్షణ ఉందో చూసి స్టార్లు ఇస్తారు. గేరుబాక్సు ఎన్నేళ్లు నిలుస్తుందో అది చెప్పదు. దాని పని అది కాదు. పైగా అది ప్రయాణికుల కార్లకే, అదీ కంపెనీ ముందుకొస్తేనే. మనం కాయలేసుకునే పికప్‌లకు ఆ పరీక్షే లేదు. ఆల్టో సంగతే చూడండి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూసినప్పుడు ఆల్టో 800కు సున్నా స్టార్లు వచ్చాయి. నానోకు, పోలోకు, ఐ10కు, ఫిగోకు కూడా సున్నాయే. అయినా మన పల్లెల్లో ఆల్టో అంటే నమ్మకం, ఎందుకంటే ఏ సందులోని మెకానిక్కయినా దాన్ని బాగు చేస్తాడు. రెండూ నిజాలే. ప్రాణం సంగతి ఒక స్టారు చెబుతుంది, జేబు సంగతి ఇంకోటి చెప్పాలి. రెండోది చెప్పేవాళ్లే మనకు లేరు. మొదటిది అక్కర్లేదని మాత్రం మేమనం. ఘాట్‌లో ఎన్ని కుటుంబాలు పోయాయో ఈ దారిన తిరిగే మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు గ్రేడింగ్ అంటే ఏమిటో రైతుకు కొత్తగా నేర్పాలా? మదనపల్లె మండీలో మన కాయకు రోజూ గ్రేడు వేస్తారు. వేసేదెవరు? కొనేవాడు. 2023 జూలైలో కిలో నూట యాభై దాటిన రోజుల్లో రెండో రకం కాయ కూడా మొదటి రకం అయింది. ధర పడిపోయిన రోజు అదే తోట, అదే కాయ మూడో రకం. కొనేవాడు గ్రేడు వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. మరి బండి విషయంలో అమ్మేవాడే గ్రేడు వేయిస్తుంటే నమ్మేస్తామా? విత్తనాల్లోనూ ఇంతే. ప్రభుత్వ సంస్థ పరీక్షించి ఇచ్చే నీలి ట్యాగు వేరు, కంపెనీ తన సంచి మీద తానే రాసుకునే లేబుల్ వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి మనం ఎన్ని పంటలు పోగొట్టుకున్నాం!

నమ్మదగిన లెక్క అసలు ఎక్కడా లేదని కాదు. అమెరికాలో 1936 నుంచి కన్స్యూమర్ రిపోర్ట్స్ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి నడుస్తోంది. ప్రకటనలు తీసుకోదు. పరీక్షించే కారును మామూలు కొనుగోలుదారులాగా తన డబ్బుతోనే కొంటుంది. ఏటా లక్షల బండ్ల సొంతదారులైన తన సభ్యులను, పోయిన పన్నెండు నెలల్లో ఏమేం చెడిపోయాయని అడుగుతుంది. తాళాలిచ్చిన రోజు అడగదు. అదే దేశంలో ఇంకో పేరున్న సర్వే సంస్థ ఉంది, దాని అవార్డును కంపెనీ తన ప్రకటనలో వాడుకోవాలంటే రుసుము కట్టాలి. సర్వే సరిగ్గానే చేస్తారేమో, కాదనం. కానీ ఎవరి డబ్బుతో నడుస్తుందో తెలిసి చదవడం మంచిది.

వీటికంటే మా మనసుకు పట్టింది నెబ్రాస్కా కథ. అది కూడా అమెరికాలోనే, వ్యవసాయ రాష్ట్రం. విల్మట్ క్రోజియర్ అనే రైతు ఫోర్డ్ అన్న పేరు చూసి ఒక ట్రాక్టర్ కొన్నాడు. అది కార్లు చేసే హెన్రీ ఫోర్డ్‌ది కాదు, మినియాపొలిస్‌లో ఎవరో ఆ పేరు పెట్టుకుని చేసిన బండి. పొలంలో పనికిరాలేదు. ఇంకోటి కొన్నాడు, అదీ అంతే. ఆ మనిషి తర్వాత శాసనసభకు ఎన్నికై, 1919లో చట్టం తెచ్చాడు. ఆ రాష్ట్రంలో ట్రాక్టర్ అమ్మాలంటే ముందు విశ్వవిద్యాలయం ఇంజనీర్లు పరీక్షించి ఫలితం ప్రకటించాలి. విడిభాగాల నిల్వతో సర్వీసు కేంద్రం కూడా అందుబాటులో ఉంచాలి. 1920లో పరీక్షలు మొదలయ్యాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. విడిభాగాల సంగతి కూడా ఆ చట్టంలోనే రాశారు చూడండి. తొమ్మిది రోజులు పార్టు కోసం కూర్చున్నవాడికే తోచే మాట అది.

మన దగ్గరా పరీక్ష కేంద్రాలున్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. మనకు దగ్గరలో, అనంతపురం పక్కన గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. డీజిల్ ఎంత తాగుతుంది, లాగే శక్తి ఎంత, పరీక్షలో ఏ భాగం అరిగింది అన్నీ ఆ నివేదికల్లో రాస్తారు. మన సభ్యుల్లో ఎంతమంది ఒక్క నివేదికైనా చూశారని అడిగితే చేతులు లేవలేదు. మేమూ ఎత్తలేదు. ఇంగ్లీషులో, ఇంజనీర్ల భాషలో ఉండే ఆ కాగితాల సారాన్ని తెలుగులో ఒక పేజీకి కుదించి, ప్రతి ట్రాక్టర్ షోరూమ్‌లో గోడకు అతికించమని వ్యవసాయ శాఖను అడగాలి. ఖర్చు లేని పని.

ఇక మన చేతిలో ఉన్నవి. బండిలో తయారీ లోపం ఉంటే టీ అంగడి దగ్గర తిట్టుకుని వదిలేస్తున్నాం. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 110-ఎ అనే సెక్షన్ వచ్చింది. ఒక మోడల్ మీద నిర్ణీత సంఖ్యలో సొంతదారులు ఫిర్యాదు చేస్తే ప్రభుత్వం ఆ బండ్లను వెనక్కి పిలిపించి బాగు చేయించమని కంపెనీని ఆదేశించవచ్చు. నమోదైన ఫిర్యాదే లెక్కకొస్తుంది, అంగట్లో మాట రాదు. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మనం నివసించే జిల్లాలోనే వేయొచ్చు. బాడుగకు తోలే బండి కదా, నువ్వు వ్యాపారివి, వినియోగదారుడివి కావని కంపెనీ వకీలు అంటాడు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవాడిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేజీలోనే రాసుకోండి. సర్వీసు బిల్లులు, జాబ్ కార్డులు పారేయకండి.

సమావేశంలో చివరికి ఒక నిర్ణయం చేశాం. పుంగనూరు ఆఫీసులో ఒక పెద్ద నోట్ బుక్ పెట్టాం. సభ్యులు తమ బండి, ట్రాక్టర్ వివరాలు అందులో రాయాలి. ఎప్పుడు కొన్నది, ఎంత తిరిగింది, మామూలుగా ఎంత బరువు వేస్తారు (ఇక్కడ నిజం రాయండి, ఆర్టీఓకు చూపించం), ఏం చెడింది, పార్టు ఎన్నాళ్లకు వచ్చింది, ఎవరు బాగు చేశారు. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదిలో బండి ఎన్ని రోజులు ఆగిపోయింది. స్టార్లు వద్దు. ఆగిన రోజుకు కంతు ఉంది, కూలి ఉంది, కుళ్లిన కాయ ఉంది. బాగా నడుస్తున్నవాళ్లు కూడా రాయాలి. లేకపోతే అది తిట్ల పుస్తకం అవుతుంది. కుప్పం వాళ్లు అంత దూరం రానక్కర్లేదు, ఫోన్‌లో చెబితే మేమే రాస్తాం. ఆ వైపు కేఏ 08, టీఎన్ 24 నంబర్ల బండ్లు కూడా తిరుగుతాయి, వాటి వివరాలూ పనికొస్తాయి.

ఇందులో మా ఇంటి గొడవ ఒకటుంది, దాచడం బాగోదు. ఒక ట్రాక్టర్ డీలరు ఈ పత్రిక వెనక అట్ట మీద ఏడాది పాటు ప్రకటన ఇస్తామన్నారు. అచ్చు ఖర్చు సగం తీరుతుంది. కమిటీలో కొందరు తీసుకుందామంటున్నారు, నోట్ బుక్ వేరు, పత్రిక వేరు కదా అని. మేము వద్దంటున్నాం. ఆ డీలరు బండి పన్నెండు రోజులు ఆగిందని లోపలి పేజీలో వేయాల్సి వస్తే ఏం చేస్తాం? చందా ఇరవై రూపాయలు పెంచితే సరిపోతుందని లెక్క వేశాం. వచ్చే సమావేశంలో ఓటుకు పెడతాం, సభ్యులు రావాలి.

కుప్పం తమ్ముడు ఇంకా బండి కొనలేదు. ఫైనాన్స్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారట. ఇది రాసే నాటికి నోట్ బుక్‌లో పదిహేడు బండ్ల వివరాలు వచ్చాయి. ముప్పై అయ్యేదాకా ఆగుతానన్నాడు.